ప్యానెల్ మనదే, లోపలి సిలికాన్ ఎవరిది?

ఇంటి మీద సోలార్ పెట్టించుకుందామని విజయవాడలోనో వరంగల్‌లోనో ఏ వెండర్‌ని కొటేషన్ అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: సబ్సిడీ కావాలా, వద్దా? కావాలంటే డీసీఆర్ ప్యానెల్, వద్దంటే నాన్ డీసీఆర్. రెండూ ఒకే కొలత, ఒకే వాటేజి. రెండింటి మీదా మేడ్ ఇన్ ఇండియా ముద్ర ఉంటుంది, చాలాసార్లు కంపెనీ పేరు కూడా ఒకటే. డీసీఆర్‌కు మాత్రం వాట్‌కు కొన్ని రూపాయలు ఎక్కువ. మూడు కిలోవాట్లకు లెక్క కడితే తేడా వేలల్లోకి పోతుంది. పీఎం సూర్యఘర్ పథకం ఇచ్చే రూ.78 వేల సబ్సిడీలో కొంత అక్కడే కరిగిపోతుందన్నమాట.

ఈ రెండు రేట్లకు కారణం ప్యానెల్ లోపల ఉంది. నాన్ డీసీఆర్ ప్యానెల్‌ని ఇక్కడ బిగించారు గానీ అందులో నల్లగా కనిపించే సెల్స్ బయటి దేశం నుంచి, ఎక్కువగా చైనా నుంచి వచ్చాయి. డీసీఆర్ అంటే ఆ సెల్ కూడా ఇండియాలోనే తయారై ఉండాలి. నిబంధన అంతటితో ఆగుతుంది. ఆ సెల్‌ని ఏ వేఫర్ మీద చేశారు, ఆ వేఫర్‌ని ఎక్కడ కోశారు, దానికి వాడిన సిలికాన్ ఎవరు శుద్ధి చేశారు అని ఎవరూ అడగరు. అడిగితే తిరిగి తిరిగి చైనాకే చేరతాం.

ప్యానెళ్ల తయారీలో మనం గెలిచామన్న వార్తలూ, చైనా మీదే ఆధారపడ్డామన్న వార్తలూ ఒకే పేపర్లో పక్కపక్కనే కనిపిస్తుంటాయి. రెండూ నిజమే. ఏ మెట్టు దగ్గర నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

మెట్లు ఐదు. పలుగురాయిని కరిగించి, శుద్ధి చేసి పాలీసిలికాన్ చేస్తారు. దాన్ని మళ్లీ కరిగించి స్తంభం లాంటి ఇంగట్‌గా లాగుతారు. ఆ ఇంగట్‌ని కాగితమంత పల్చటి బిళ్లలుగా కోస్తే వేఫర్లు. వేఫర్ మీద రసాయన ప్రక్రియలు జరిపి, వెండి గీతలు అచ్చువేస్తే సెల్. సెల్స్‌ని వరసగా టంకం వేసి అతికి, అద్దం కింద పెట్టి, అల్యూమినియం ఫ్రేము బిగిస్తే మాడ్యూల్, అంటే మనం ప్యానెల్ అనేది. బట్టల వ్యాపారంతో పోల్చుకుంటే పత్తి, నూలు, నేత, అద్దకం, ఆఖర్న కుట్టు. మనం దేశమంతా కుట్టుమిషన్లు పెట్టుకున్నాం. నేతా అద్దకమూ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం. పత్తి ఇంకా వేయనే లేదు.

అంకెలు చూడండి. 2025 మార్చి నాటికి దేశంలో మాడ్యూళ్ల తయారీ సామర్థ్యం 74 గిగావాట్లని కేంద్రం ప్రకటించింది. అంతకు ముందు ఏడాది అది 38. 2025 ఆగస్టుకల్లా ప్రభుత్వ ఆమోదిత జాబితాలో చేరిన సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. సెల్స్ దగ్గరికి వస్తే మార్చి నాటికి 25 గిగావాట్లు. ఇంగట్, వేఫర్ దగ్గర 2 గిగావాట్లు, అదీ ముంద్రాలో అదానీ కంపెనీది. పాలీసిలికాన్ దగ్గర వాణిజ్య స్థాయిలో సున్నా. ఇక 2024-25లో దేశం మొత్తం మీద కొత్తగా పెట్టిన సోలార్ సుమారు 24 గిగావాట్లు. అంటే ఆఖరి మెట్టు మీద అవసరానికి మూడింతల ఫ్యాక్టరీలున్నాయి, మొదటి మెట్టు మీద ఒక్కటీ లేదు.

మాడ్యూల్ ఫ్యాక్టరీ పెట్టడం తేలిక. షెడ్డు, సెల్స్‌ని అతికే స్ట్రింగర్ యంత్రాలు, వేడిచేసి అద్దానికీ సెల్‌కీ మధ్య పొర అంటించే లామినేటర్లు, పరీక్షించే పరికరాలు ఉంటే నెలల్లో ఉత్పత్తి మొదలవుతుంది. పెట్టుబడి తక్కువ, నేర్చుకోవాల్సిందీ తక్కువే. కింది మెట్టుకి దిగినకొద్దీ డబ్బు, కరెంటు, రసాయన శాస్త్రం, ఓపిక అన్నీ రెట్లు పెరుగుతాయి. అందుకే కంపెనీలన్నీ పైమెట్టు మీదే గుమికూడాయి. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. వ్యాపారం చేసేవాడు ముందు తేలికైనదే చేస్తాడు.

ఇప్పుడు కాస్త ఎక్కువసేపు పాలీసిలికాన్ దగ్గర ఆగుదాం. అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

నెల్లూరు వైపు ఒక మాట తరచు వినిపిస్తుంది. మన పలుగురాయే చైనా పోయి ప్యానెళ్లయి తిరిగొస్తోంది, ఆ ఫ్యాక్టరీ ఏదో ఇక్కడే పెడితే పోదా అని. గూడూరు, సైదాపురం ప్రాంతాల రాయి చైనాకు ఎగుమతి అవుతున్న మాట నిజం. కానీ రాయి ఉండటం వల్ల సిలికాన్ పరిశ్రమ రాదు. ప్యానెల్ ధరలో రాయి వాటా లెక్కకు రానంత చిన్నది. అందులో అసలు ముడిసరుకు కరెంటు.

ఎలాగంటే, పలుగురాయిని బొగ్గుతో కలిపి ఆర్క్ ఫర్నేసులో 2,000 డిగ్రీల దగ్గర కాలిస్తే 98, 99 శాతం స్వచ్ఛత ఉన్న సిలికాన్ వస్తుంది. అల్యూమినియం మిశ్రమాలకు అది చాలు, సోలార్‌కు చాలదు. సోలార్‌కు కావలసింది దశాంశం తర్వాత కూడా వరసగా తొమ్మిదులు కనిపించేంత స్వచ్ఛత. దానికోసం ఆ సిలికాన్‌ని హైడ్రోజన్ క్లోరైడ్‌తో కలిపి ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవం 32 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది కాబట్టి సారాయి కాచినట్టు మళ్లీ మళ్లీ ఆవిరి చేసి, చల్లార్చి మలినాలు తీసేయవచ్చు. తర్వాత గంట ఆకారపు రియాక్టర్లలో, 1,100 డిగ్రీల దాకా వేడెక్కిన సన్నని సిలికాన్ కడ్డీల మీద ఆ ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి పారిస్తే, శుద్ధ సిలికాన్ రోజుల తరబడి పొరలు పొరలుగా పేరుకుంటుంది. లోపలి కడ్డీలు ఎర్రగా కాలుతూ ఉండాలి, చుట్టూ ఉన్న గోడలు మాత్రం నీళ్లతో చల్లగా ఉండాలి. అంటే కరెంటు పోసి పుట్టించిన వేడిని నీళ్లు పోసి తీసేస్తూనే ఉండాలి. మధ్యలో కరెంటు పోతే ఆ విడత సరుకు పోయినట్టే.

చైనాలో బాగా నడిచే ఫ్యాక్టరీకే కిలోకు 50 నుంచి 60 యూనిట్లు ఖర్చవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంకా ఎక్కువే. 60 యూనిట్లే అనుకుందాం. మన పరిశ్రమలకు పడే రేటు యూనిట్‌కు ఏడు రూపాయల లెక్కన వేసుకుంటే కిలోకు కరెంటు బిల్లే రూ.420. ఇక 2024 మధ్యలో చైనా మార్కెట్లో కిలో పాలీసిలికాన్ అమ్ముడైన ధర సుమారు 40 యువాన్లు, అంటే రూ.470 చిల్లర. మన కరెంటు ఖర్చూ వాళ్ల అమ్మకం ధరా దాదాపు పక్కపక్కన నిలబడ్డాయి. రసాయనాలు, జీతాలు, వేల కోట్ల పెట్టుబడి మీద వడ్డీ ఇంకా కలపనే లేదు. షిన్‌జియాంగ్‌లో బొగ్గు గని పక్కనే సొంత థర్మల్ కేంద్రం పెట్టుకుని, యునాన్, సిచువాన్‌లలో జలవిద్యుత్తు పట్టుకుని, మనకంటే ఎంతో చవకగా కరెంటు వాడుకునే ఫ్యాక్టరీలతో ఈ పోటీ.

సైజు కూడా చూడాలి. వాట్‌కు రెండు గ్రాముల పైచిలుకు సిలికాన్ పడుతుంది. ఏడాదికి 50 గిగావాట్ల ప్యానెళ్లు మనమే చేసుకోవాలంటే దాదాపు లక్ష టన్నులు కావాలి. చైనాలో ఒక్క పెద్ద ఫ్యాక్టరీ సామర్థ్యమే లక్ష టన్నులుంటుంది. అంటే దేశం మొత్తం అవసరానికి అక్కడి ఒక ఫ్యాక్టరీ సరిపోతుంది. మనం దాన్ని నలుగురైదుగురికి పంచితే ఎవరికీ ఆ సైజు రాదు, ఖర్చూ తగ్గదు.

ఈ విద్య మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. 1980లలోనే తమిళనాడులోని మెట్టూరులో, బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో మెట్‌కెమ్ అనే కంపెనీ చిన్న స్థాయిలో పాలీసిలికాన్ చేసింది. ఏడాదికి కొన్ని పదుల టన్నులే. అదే కాలంలో అమెరికా కంపెనీ నుంచి సాంకేతికత కొని పెద్ద ఫ్యాక్టరీ కట్టాలన్న ప్రభుత్వ ప్రతిపాదన వివాదాల్లో పడి ఆగిపోయింది. సొంతంగా చేసింది పెరగలేదు, కొనాలనుకున్నది రాలేదు. సాహిబాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో దేశంలో తొలి సోలార్ సెల్ చేసింది. అప్పటికి చైనా ఈ రంగంలో ఎక్కడా లేదు. మన దగ్గర ప్రయోగశాల స్థాయి జ్ఞానం ఉండిపోయింది గానీ, దాన్ని పదింతలు, వందింతలు చేసే కొనుగోలుదారు లేకపోయాడు.

ఇంగట్, వేఫర్ మెట్టు మరీ ఇంత కరెంటు తినదు గానీ దానివి వేరే పేచీలు. 1,414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్‌ని పట్టి ఉంచే పాత్రలకు లోపలి పొరగా అతి స్వచ్ఛమైన క్వార్ట్జ్, అంటే పలుగురాయి, కావాలి. ప్రపంచంలో ఆ నాణ్యత రాయి ఎక్కువగా దొరికేది అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో, స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊళ్లో. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ ఊరిని ముంచెత్తితే గనులు కొన్నాళ్లు ఆగాయి, చిప్‌ల పరిశ్రమ కూడా ఉలిక్కిపడింది. ఇక కోత. కాగితమంత పల్చగా ఉండే వేఫర్లని వజ్రపు పొడి అద్దిన సన్నటి తీగలతో కోస్తారు. ఆ తీగలూ చైనా నుంచే. ప్రపంచ వేఫర్లలో 95 శాతానికి పైగా చైనావే. పాలీసిలికాన్‌ని జర్మనీ నుంచో మలేషియా నుంచో కొనుక్కోవచ్చు. వేఫర్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. నన్నడిగితే మనం నిజంగా భయపడాల్సిన మెట్టు ఇదే. దీని గురించే తక్కువ మాట్లాడుకుంటాం.

సెల్ దగ్గర కష్టం మరో రకం. ఇక్కడ కట్టిన ఫ్యాక్టరీ పాతబడే వేగం ఎక్కువ. పదేళ్ల కింద అందరూ మల్టీ క్రిస్టలైన్, అంటే అనేక స్ఫటికాల సిలికాన్ సెల్స్ చేసేవారు. వజ్రపు తీగలొచ్చి ఒకే స్ఫటికంతో చేసే మోనో చవకైంది, మల్టీ లైన్లు మూలపడ్డాయి. తర్వాత పెర్క్ అనే మెరుగైన రకం సెల్ వచ్చింది. పెర్క్ మీద పెట్టిన అప్పు తీరకముందే టాప్‌కాన్ అనే ఇంకో రకం వచ్చి పెర్క్‌ని పాత సరుకు చేసేసింది. మొదటి రెండేళ్లలో లాభం రాకపోతే ఇక రాదు. మన దగ్గర ఫ్యాక్టరీకి స్థలం, అనుమతులు, బ్యాంకు అప్పు అన్నీ కుదిరి యంత్రం దిగేసరికే ఒక ఏడాది పోతుంది. పాత సామర్థ్యాన్ని లెక్కల్లో చూపిస్తుంటాం గానీ అందులో మార్కెట్ అడిగే సెల్ చేయగలిగింది ఎంత అన్నది వేరే సంగతి.

యంత్రాల విషయం ఇంకా సున్నితం. 2000ల తొలినాళ్లలో చైనా కంపెనీలు కూడా జర్మనీ, స్విట్జర్లాండ్ యంత్రాలతోనే మొదలుపెట్టాయి. అక్కడితో ఆగకుండా వాటిని విప్పి, నేర్చుకుని, సొంత యంత్రాల పరిశ్రమ పెంచుకున్నాయి. చైనా విజయాన్ని సబ్సిడీ అన్న ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్లు ఈ భాగాన్ని మరిచిపోతారు. మనం ఈరోజు చైనా ప్యానెల్‌ని అడ్డుకోడానికి పెట్టే ఫ్యాక్టరీలో యంత్రాలు చైనావి, వాటిని బిగించి ఆడించేది చైనా ఇంజనీర్లు. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత వాళ్లకి వీసాలు బిగుసుకున్నాయి. యంత్రాలు పెట్టెల్లో వచ్చి కూర్చున్నాయి, నడిపించేవాడు రాలేదు. ప్రభుత్వం తర్వాత పీఎల్‌ఐ (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకమిచ్చే పథకం) కంపెనీల కోసం ఆ వీసాల్ని కొంత సడలించాల్సి వచ్చింది. అటు చైనా 2022 చివర్లో పెద్ద సైజు వేఫర్ల సాంకేతికత ఎగుమతిని కట్టడి చేస్తామంటూ ఒక ముసాయిదా బయటపెట్టింది. తాళం చెవి ఎవరి దగ్గరుందో గుర్తుచేయడానికి ఆ ముసాయిదా చాలు.

ప్రభుత్వ విధానాల కథ చూస్తే ఒక్కో గోడా కట్టడం, దానికి పక్కనే సందు తెరుచుకోవడం, ఇలాగే సాగింది. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు సిలికాన్ ప్యానెళ్లు వాడితే స్వదేశీవే వాడాలన్నారు. పల్చటి పొర రకం ప్యానెళ్లను, అంటే థిన్ ఫిల్మ్‌ను, ఆ నిబంధన నుంచి మినహాయించారు. డెవలపర్లు లెక్క వేసుకున్నారు: అమెరికా థిన్ ఫిల్మ్ ప్యానెళ్లు కొంటే అమెరికా ప్రభుత్వ ఎగుమతి దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్) చవక వడ్డీకి అప్పు కూడా ఇస్తుంది. ఎటు మొగ్గారో చెప్పక్కర్లేదు. ప్రపంచమంతా సిలికాన్ వాడుతుంటే మనదేశంలో మాత్రం థిన్ ఫిల్మ్ విచిత్రంగా వెలిగిపోయింది. స్వదేశీ నిబంధన అలా అమెరికన్ ప్యానెళ్లకు దారి చేసిపెట్టింది. అది చాలదన్నట్టు 2013లో అదే నిబంధన మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది. 2016లో మనం ఓడిపోయాం.

2018 జులైలో దిగుమతుల తాకిడి నుంచి ఇక్కడి పరిశ్రమను కాపాడటానికని రెండేళ్ల సేఫ్‌గార్డ్ సుంకం వేశారు, మొదటి ఏడాది 25 శాతం. తర్వాత 20, ఆపైన 15. తగ్గుతూ పోయి రెండేళ్లకు ముగిసే సుంకాన్ని నమ్ముకుని ఏ బ్యాంకు పదేళ్ల అప్పు ఇస్తుంది? సుంకం తగ్గేదాకా ఆగి కొందామనుకున్నవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత గడువు ఒక ఏడాది పొడిగించినా పెద్ద ఫ్యాక్టరీలేవీ రాలేదు.

అసలు గోడ 2022 ఏప్రిల్ 1న లేచింది. మాడ్యూల్ మీద 40 శాతం, సెల్ మీద 25 శాతం కస్టమ్స్ సుంకం. (2025 బడ్జెట్లో సుంకం పేరు మారింది, సెస్సుతో కలిపితే భారం ఇంచుమించు అంతే.) దానికి తోడు ఏఎల్‌ఎంఎం, అంటే ప్రభుత్వ ఆమోదిత మాడ్యూళ్ల జాబితా. అందులో పేరుంటేనే ప్రభుత్వ ప్రాజెక్టులకు అర్హత. పేరుకు నాణ్యత జాబితా, పనికి దిగుమతులకు గేటు. చైనా కంపెనీ ఏదీ ఆ జాబితాలో చేరలేదు. మధ్యలో ప్యానెళ్లు చాలక 2023-24లో ఏడాదిపాటు దాన్ని పక్కన పెట్టి, 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ అమలు చేశారు. ఇదే నియమం 2026 జూన్ నుంచి సెల్స్‌కూ, 2028 నుంచి వేఫర్లకూ వర్తింపజేయాలన్నది ప్రణాళిక.

ఈ గోడ పనిచేసింది. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి కదలని రంగం మూడేళ్లలో ఉరుకులు పెట్టింది. అయితే మాడ్యూల్‌కు 40, సెల్‌కు 25 అని సుంకం పెడితే, సెల్ తెచ్చుకుని ఇక్కడ అతకడంలోనే లాభం అని కంపెనీలకు మనమే చెప్పినట్టయింది. వేఫర్ మీద సుంకమే లేదు. ఇల్లు పైకప్పు నుంచి మొదలుపెట్టామని విమర్శించేవాళ్లున్నారు. నేను ఆ విమర్శతో సగమే ఏకీభవిస్తాను. కొనేవాడు లేకుండా ఎవడూ వేఫర్ చేయడు, సెల్ ఫ్యాక్టరీ ఉంటేనే వేఫర్‌కు గిరాకీ. కాబట్టి పైనుంచి కిందికి రావడం తర్కమే. తప్పు ఎక్కడ జరిగిందంటే పై మెట్టుకీ కింది మెట్టుకీ మధ్య గడువులు మొదట్లోనే చెప్పకపోవడంలో. 2022లోనే సెల్స్‌కు ఫలానా ఏడాది, వేఫర్లకు ఫలానా ఏడాది అని రాసిపెట్టి ఉంటే వంద గిగావాట్ల మాడ్యూళ్ల మీద పోసిన డబ్బులో కొంతైనా కిందికి దిగేది.

పీఎల్‌ఐ పథకం ఆ లోటు పూడ్చడానికే. రెండు విడతల్లో రూ.24 వేల కోట్లు, సుమారు 48 గిగావాట్లు. పాలీసిలికాన్ నుంచి మాడ్యూల్ దాకా మొత్తం చేస్తామన్నవాళ్లకి ఎక్కువ ప్రోత్సాహకం. రిలయన్స్‌తో పాటు మొదటి విడతలో గెలిచిన పెద్ద పేరు కడప నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ షిర్డీసాయి ఎలక్ట్రికల్స్. దాని అనుబంధ సంస్థే ఇండోసోల్. కానీ ఈ ప్రోత్సాహకం ఉత్పత్తి చేసి అమ్మాకే చేతికొస్తుంది. రియాక్టర్లు కొనే రోజున, వడ్డీ పెరిగే నిర్మాణ కాలంలో అది అక్కరకు రాదు. పాలీసిలికాన్ ఫ్యాక్టరీ కట్టడానికీ, సరైన స్వచ్ఛత రప్పించడానికీ మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు 2022లో కిలో 30 డాలర్ల పైన ఉన్న పాలీసిలికాన్ ధర 2024కల్లా ఆరు డాలర్ల కిందికి జారింది. టెండరు వేసిన రోజున కుదిరిన లెక్క శంకుస్థాపన నాటికే చెల్లకుండా పోయింది.

ధరల ఈ ఊగిసలాట తెలుగువాళ్లకి కొత్త కాదు. 2006లో హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీ అని వెయ్యి ఎకరాల పైచిలుకు కేటాయించారు. సెమ్‌ఇండియా అనే కంపెనీ అక్కడ చిప్‌ల ఫ్యాక్టరీ కడుతుందని అప్పట్లో పెద్ద సంబరం. అది రాలేదు. ఖాళీగా ఉన్న ఆ నేలలో సోలార్ కంపెనీలు కొన్ని దిగాయి. అప్పుడు యూరప్‌లో సోలార్ గిరాకీ మండిపోతోంది, పాలీసిలికాన్ 2008లో కిలో 400 డాలర్లు కూడా దాటింది. తర్వాత స్పెయిన్ సబ్సిడీ కోసింది, ఇటలీ, జర్మనీ కూడా వెనక్కి తగ్గాయి, చైనా సరుకు ముంచెత్తింది. 2012కల్లా పాలీసిలికాన్ ధర 20 డాలర్ల చుట్టుపక్కలకి పడిపోయింది. ఒకప్పుడు ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిన జర్మనీ కంపెనీ క్యూసెల్స్ ఆ ఏడాదే దివాలా తీసింది. మనదేశంలో మోజర్ బేయర్, ఇండోసోలార్ (పైన చెప్పిన ఇండోసోల్ కాదు) లాంటి పెద్ద పేర్లు ఒక్కోటీ చతికిలపడ్డాయి. ఆ గాలివానలో మిగిలిన కొద్దిమందిలో 1995లో పుట్టిన ప్రీమియర్ ఎనర్జీస్ ఒకటి. రావిర్యాల, మహేశ్వరం ప్రాంతాల్లోనే సెల్స్, మాడ్యూళ్లు చేస్తూ వచ్చి 2024లో స్టాక్ మార్కెట్‌కెక్కింది. తర్వాతి పెద్ద సెల్ ఫ్యాక్టరీకి రేవులకు దగ్గరగా ఉండే నాయుడుపేటను ఎంచుకుంది. దిగుమతి చేసుకునే వేఫర్లకీ ఎగుమతి చేసే సరుకుకీ ఓడరేవు దగ్గరుండాలి. తెలంగాణకు లేనిదీ ఆంధ్రాకు ఉన్నదీ అదే.

భూమి దగ్గరికి వచ్చేసరికి కథ గుజరాత్ ఎడారిలో నడిచినంత సాఫీగా మన తీరంలో నడవదు. ఇండోసోల్‌కి రామాయపట్నం రేవు పక్కన అనుకున్న స్థలం పెట్రోలియం రిఫైనరీకి వెళ్లింది. బదులుగా 2025లో ఉలవపాడు మండలం కరేడులో ఎనిమిది వేల ఎకరాల పైచిలుకు సేకరించబోయారు. మామిడికీ సపోటాకీ పేరున్న నేల, ఏడాదికి రెండు మూడు పంటలు పండేది. రైతులు రోడ్డెక్కారు. ఒక సోలార్ ఫ్యాక్టరీకి అన్ని వేల ఎకరాలు దేనికన్న వాళ్ల ప్రశ్న న్యాయమైనది. పాలీసిలికాన్ ఫ్యాక్టరీ అంటే క్లోరిన్ రసాయనాలు, సెల్ ఫ్యాక్టరీ అంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఉప ఉత్పత్తిగా వచ్చే సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ని తిరిగి వాడుకునే ఏర్పాటు చేయకుండా చైనాలో కొన్ని ఫ్యాక్టరీలు తొలినాళ్లలో పొలాల పక్కన పారబోసిన ఉదంతాలున్నాయి. ఇప్పుడు దాన్ని మళ్లీ ప్రక్రియలోకి తిప్పుకునే పద్ధతులొచ్చాయి, వాటికీ డబ్బవుతుంది. పచ్చటి కరెంటు పేరు చెప్పి వచ్చేది కూడా ఒక రసాయన పరిశ్రమే అని ఊరివాళ్లకి ముందుగా, నిజంగా చెప్పిన సందర్భాలు తక్కువ.

ఈ ఖర్చంతా ఎవరు భరిస్తున్నారు? చాలావరకు కరెంటు కొనేవాళ్లమే. గోడ లోపల ప్యానెల్ ధర బయటి ధర కంటే ఎక్కువ. ఆ తేడా సోలార్ ప్రాజెక్టుల యూనిట్ రేటులోకి, అక్కడి నుంచి డిస్కంలలోకి, చివరికి బిల్లులోకి వస్తుంది. ఇంటి మీద పెట్టుకునేవాళ్లకి నేరుగా కొటేషన్‌లోనే తెలుస్తుంది. మరో వంక కంపెనీలు కొన్నేళ్లు మంచి లాభాలు చూశాయి. ఒకటి ఇక్కడి రక్షిత ధర వల్ల, రెండోది అమెరికా వల్ల. షిన్‌జియాంగ్ సరుకును అమెరికా 2022 జూన్ నుంచి అడ్డుకోవడంతో మన ప్యానెళ్లకు అక్కడ ద్వారం తెరుచుకుంది. 2023-24లో మన మాడ్యూళ్ల ఎగుమతులు దాదాపు 200 కోట్ల డాలర్లకు చేరాయి, అందులో ఇంచుమించు అంతా అమెరికాకే. ఒకే కొనుగోలుదారు. 2025 ఆగస్టులో ఆ కొనుగోలుదారు మన సరుకు మీద 50 శాతం సుంకం వేశాడు, అంతకు ముందు నెలలోనే అక్కడి కంపెనీలు మన ప్యానెళ్ల మీద డంపింగ్ ఫిర్యాదు, అంటే అన్యాయంగా చవకకు అమ్ముతున్నారన్న ఫిర్యాదు కూడా చేశాయి. ఎగుమతికని కట్టిన లైన్లు ఇప్పుడు దేశీయ మార్కెట్ వైపు తిరుగుతున్నాయి. అక్కడ ఇప్పటికే మూడింతల సామర్థ్యం ఉంది. చిన్న అసెంబ్లీ కంపెనీలకు ఇక గడ్డుకాలమే. వాటికి అప్పులిచ్చిన బ్యాంకులు కూడా జాగ్రత్త పడాల్సిన దశ ఇది.

2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఒక లెక్క చెప్పింది. మొత్తం గొలుసులో తయారీ ఖర్చు భారత్ కంటే చైనాలో 10 శాతం తక్కువ, అమెరికా కంటే 20, యూరప్ కంటే 35 శాతం తక్కువ అని. పది శాతమే కదా, ఈమాత్రానికి ఇంత గొడవా అనిపించవచ్చు. కానీ లాభమే రెండు మూడు శాతం ఉండే వ్యాపారంలో పది శాతం అంటే బతకడానికీ మూతపడటానికీ మధ్య ఉన్న దూరం. పైగా ప్రపంచ అవసరానికి దాదాపు రెట్టింపు సామర్థ్యం కట్టేసుకున్న చైనా కంపెనీలు 2024లో ఖర్చు కంటే తక్కువకే అమ్మి, ఒక్కొక్కటీ వేల కోట్ల నష్టాలు మూటగట్టుకున్నాయి. నష్టానికి అమ్మేవాడితో ఎవరు పోటీపడగలరు? ఇంకో పక్క, ఆ పది శాతం తేడా తీరనిదేమీ కాదు. అందులో పెద్ద భాగం కరెంటు, వడ్డీ. రెండూ ప్రభుత్వం చేతిలో ఉన్నవే.

నా అంచనా ఇది. అన్ని మెట్లూ మనమే ఎక్కాలన్న పంతం అవసరం లేదు. సెల్ మెట్టు మీద ఇప్పటికే కాలు పెట్టాం. 2026 నిబంధన వాయిదా పడకుండా నిలబడితే మరో రెండు మూడేళ్లలో అక్కడ స్థిరపడతాం. వేఫర్ మీద పట్టుబట్టాలి, ఎందుకంటే దానికి ప్రత్యామ్నాయ అమ్మకందారు లేడు. నెల్లూరు జిల్లాలో టాటా పవర్, అనకాపల్లి జిల్లా రాంబిల్లిలో రెన్యూ ఇంగట్, వేఫర్ ఫ్యాక్టరీలు పెడతామన్నాయి. ఈ రెండు ప్రకటనలూ నాకు ఇంకో పది మాడ్యూల్ ఫ్యాక్టరీల కంటే ముఖ్యమైనవిగా కనిపిస్తున్నాయి, అవి నిజంగా నేల మీదికి వస్తే. పాలీసిలికాన్ మాత్రం అందరూ పెట్టాల్సింది కాదు. ఒకటి రెండు పెద్ద ఫ్యాక్టరీలు చాలు, మిగతాది చైనాయేతర దేశాలతో పదేళ్ల ఒప్పందాలు చేసుకుని కొనుక్కోవచ్చు.

ఆ ఒకటి రెండు ఎక్కడ అన్నప్పుడు రాయలసీమ పేరు పరిశీలనకు రావాలి. ఏడాదికి 20 వేల టన్నుల ఫ్యాక్టరీకి రాత్రీ పగలూ ఆగకుండా 140 మెగావాట్ల కరెంటు కావాలి. ఎండ ఉన్నప్పుడు వచ్చే సోలార్ కరెంటు ఒక్కటే దానికి చాలదు. కర్నూలు వైపు గాలీ ఎండా రెండూ ఉన్నాయి, పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ, అంటే నీళ్లని పైకి తోడి ఉంచి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే కేంద్రం ఉంది. ఈ మూడింటినీ కలిపి, మధ్యలో డిస్కం సర్‌చార్జీలు పడకుండా, యూనిట్ నాలుగు రూపాయలకు పదిహేనేళ్ల ఒప్పందం ఇవ్వగలిగితే కిలోకు కరెంటు ఖర్చు రూ.420 నుంచి 240కి దిగుతుంది. అప్పుడు పీఎల్‌ఐ లాంటి ప్రోత్సాహకంతో మిగతా తేడా పూడ్చుకునే అవకాశం కనిపిస్తుంది. ఆ రేటు ఇవ్వలేకపోతే ఎంత భూమి ఇచ్చినా, ఎంత సబ్సిడీ ప్రకటించినా ఆ ఫ్యాక్టరీ నడవదు. పెట్టుబడిదారుల సదస్సుల్లో ఎకరాల గురించీ కోట్ల గురించీ ప్రకటనలొస్తాయి. యూనిట్ రేటు ఎంత, ఎన్నేళ్లకు, ఆ తక్కువ రేటు వల్ల వచ్చే నష్టం ఏ ఖాతాలో పడుతుంది అన్న కాగితం ముందు బయటికి రావాలి.